లేని చున్నీ సర్దుకున్న చెయ్యి

కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యాయామ ఉపాధ్యాయినులు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, జిమ్నాస్టిక్స్ చేసే పిల్లలకు లియోటార్డ్‌లు ఎక్కడ కొనాలి?" అని అడుగుతుంటారు. అడిగినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఇప్పుడు ఫోన్ మీద వేలితో నొక్కితే చాలు, గుమ్మం ముందుకే వచ్చేస్తాయి. కొనడం ఎప్పుడూ కష్టం కాదమ్మా. ఇంట్లోవాళ్ళను ఒప్పించి వేయించడం కష్టం. వేసుకున్న పిల్ల తానేం వేసుకుందో మర్చిపోయి ఆడేట్టు చెయ్యడం ఇంకా కష్టం. దాని గురించే ఒక సంగతి చెబుతాను. పాఠమేమీ కాదు, భయపడకండి. పిల్లల్ని గ్రౌండులో వదిలేసి మబ్బుల వంక చూస్తూ నిలబడతానని ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా మీద ఫిర్యాదు ఉండేది. అది అబద్ధం కూడా కాదు.

లియోటార్డ్‌ను నేను మొదటిసారి చూసింది మహబూబ్‌నగర్‌లో, సర్కస్ డేరాలో. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. మా నాన్నను బాపు అనేదాన్ని. బాపు పక్కన చెక్క బల్ల మీద కూర్చున్నాను. పైన ఉయ్యాల మీద ఒకమ్మాయి. ఒంటి మీద ఆకాశం రంగు తళుకుల బట్ట. లంగా కాదు, గౌను కాదు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియని బట్ట. ఆమె ఒక ఉయ్యాల వదిలింది, ఇంకోటి అందుకోవాలి. ఆ మధ్యలోని ఖాళీలో చాలాసేపు ఉండిపోయినట్టు నాకనిపించింది. ఇన్నేళ్ళయినా, కళ్ళు మూసుకుంటే ఆమె ఇంకా అక్కడే ఉంటుంది. కిందికి దిగాక భుజం మీదినుంచి కనబడనిదేదో తీసి మా మీదికి విసిరినట్టు చెయ్యి ఊపింది. నేను నిజంగానే పట్టుకోబోయాను.

ఇంటికొచ్చి నాకూ అలాంటి డ్రెస్సు కావాలంటే అవ్వ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. "గది బట్టలేసుకున్నట్టా పోరీ, ఇప్పుకున్నట్టా?" అంది.

చాలా ఏళ్ళ తర్వాత వ్యాయామ విద్య చదువుతున్నప్పుడు దాని చరిత్ర తెలిసింది. ఎప్పుడో నూట యాభై ఏళ్ళ కిందట ఫ్రాన్సు దేశంలో ఒకాయన ఉయ్యాలల మీద ఎగిరే ఆట ఆడేవాడట. వదులు చొక్కా ఆటకు అడ్డమొస్తుందని, తన కండలు జనానికి బాగా కనబడాలని కూడానేమో, ఒంటికి అతుక్కునే అల్లిక చొక్కా తొడిగాడు. ఆయన పేరే ఆ బట్టకు పడింది. ఆయన వేసుకున్నప్పుడు లోకం బలాన్ని చూసింది. తర్వాత సర్కస్ అమ్మాయిలు, బాలే నర్తకులు, కసరత్తు చేసే ఆడవాళ్ళు వేసుకున్నారు. అప్పుడు లోకం చూపు మారింది. మా కాలేజీలో అయితే అది పుస్తకంలో బొమ్మే. మేము పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీని రెండు భుజాల మీదా పిన్నులతో బిగించి, నడుముకు బెల్టు కట్టి గెంతేవాళ్ళం. దూకి నిలబడగానే ముందు చూసుకునేది కాళ్ళు సరిగ్గా ఉన్నాయా అని కాదు, పిన్నులు ఉన్నాయా అని.

ఇక అసలు సంగతి. తెలంగాణ వచ్చిన కొత్తలో, జిల్లాలింకా విడిపోకముందు, నన్ను మక్తల్ నుంచి చౌటుప్పల్ దగ్గరి ఒక ఆడపిల్లల హాస్టల్ బడికి బదిలీ చేశారు. మక్తల్‌లో కంది చేన్ల మీద ఆకాశానికి అడ్డమే ఉండదు, నాలాంటిదానికి మంచి జాగా. ఇక్కడ హైవే మీద లారీలు, మందుల ఫ్యాక్టరీల ఘాటు, ఎటు చూసినా ప్లాట్లు అమ్ముతామనే బోర్డులు. మొదటి నెలంతా బెంగ పెట్టుకున్నాను. ఎవరో దాత ఇచ్చిన జిమ్నాస్టిక్స్ పరుపులు స్టోర్ రూములో మూలన పడి కనిపించాక బెంగ తగ్గింది.

హాలు లేదు. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్లలు పక్కకు జరిపి డైనింగ్ హాల్లోనే పరుపులు పరిచేవాళ్ళం. పప్పుచారు వాసన పోయేది కాదు. కిటికీల్లోంచి ఎండ పొడుగ్గా పడేది, అందులో దుమ్ము మెల్లగా తిరిగేది, ఆ దుమ్ములోంచి పిల్లలు పల్టీలు కొడుతూ వచ్చేవాళ్ళు. ఆ మధ్యాహ్నాలు ఎంత మెత్తగా ఉండేవో చెప్పలేను. మా హిందీ టీచర్ క్లాసు లేకపోతే వచ్చి కూర్చునేది. ఆమెకు హిందీ కంటే కుట్టుమిషన్ మీద ప్రేమ ఎక్కువ. పిల్లల మెడల చుట్టూ, చేతుల చుట్టూ ఊరికే టేపు పెట్టి కొలుస్తుండేది.

ఎనిమిదో తరగతిలో ఒక నేత కుటుంబం పిల్ల ఉండేది. మాట్లాడదు, నవ్వదు, అడిగితే తల ఊపుతుంది. కానీ వెనక్కి వంగి చేతులు నేలకు ఆనిస్తే చప్పుడే అయ్యేది కాదు. గాల్లోకి లేస్తే ఆ సర్కస్ అమ్మాయి ఉండిపోయిన ఖాళీ నాకు మళ్ళీ కనబడేది. అలాంటి పిల్ల ఒక టీచరుకు దొరకడం అదృష్టం. నేను లోపల లోపల ఎగిరి గంతేశాను.

ఆమె చేసే తప్పు ఒకటే. ఆట ముగించి చేతులు పైకెత్తి నిలబడాల్సిన చోట కుడిచెయ్యి ఎడమ భుజం దగ్గరికి పోయేది. టీ షర్టు మీద చున్నీ లేదు. లేని చున్నీనే సర్దేది. మన పిల్లలందరిలో ఈ అలవాటు మీరూ చూసే ఉంటారు. పెద్దమనిషైన నాటినుంచి ఇంట్లో ఎవరో ఒకరు "చున్నీ" అని గుర్తుచేస్తూనే ఉంటారు, ఆ మాట చేతిలోకి దిగిపోతుంది. నల్లగొండలో జిల్లా ఎంపికలప్పుడు జడ్జిలు దానికే మార్కులు కోశారు. అయినా పిల్ల ఎంపికైంది. రాష్ట్ర పోటీలు ఆ ఏడు మా పాలమూరులో, అదే మహబూబ్‌నగర్‌లో. అక్కడికి పైజామా, టీ షర్టు పనికిరావు, లియోటార్డ్ ఉండాల్సిందేనన్నారు.

హైదరాబాద్ పోయి కోఠిలో ఒకటి కొనుక్కొచ్చాను. ఉతికి హాస్టల్ వెనక తీగ మీద ఆరేశాను. ఆ రోజు తల్లిదండ్రులు పిల్లల్ని చూడటానికి వచ్చే ఆదివారమని గుర్తే లేదు. ఆ పిల్ల తండ్రి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నూలుకు రంగులద్దీ అద్దీ ఆయన వేళ్ళకు ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉంటుంది. తీగ మీది బట్టను చూసి ఆగిపోయి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. కొంచెం లాగాడు. అది సాగేసరికి ఉలిక్కిపడి వదిలేశాడు.

"గిదేం బట్ట మేడం? దీనికి పడుగు లేదు, పేక లేదు," అన్నాడు.

"అల్లిన బట్ట అన్నా, బనీను లెక్క. పోటీకి మీ బిడ్డకే," అన్నాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా బిడ్డకా? కాళ్ళేవి మేడం దీనికి? చేతులేవి? గిట్ల నలుగుట్ల నిలవెడితె రేపు ఊల్లె మేం తలకాయ ఎత్తుకుంటమా? ఆట ఒద్దు, ఏమొద్దు. ఇయ్యాల్నే ఇంటికి తోల్కపోత. మగ్గానికి నూలు కండెలు చుట్టనీకి మనిషి లేక సస్తున్నం."

పిల్ల ఆయన వెనకే నిలబడి ఉంది. తల వంచుకుంది. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. నాకు తెలిసిన చరిత్రంతా బయటపెట్టాను. "దీన్ని ముందుగాల వేసుకున్నది మగాయనే అన్నా, ఫ్రాన్సు దేశపాయన," అన్నాను.

"ఆయన నాయినను అడిగినవా మేడం?" అన్నాడాయన.

నేను తీగ మీంచి దాన్ని తీసి మడతపెట్టడం మొదలుపెట్టాను.

హిందీ టీచర్ నా రూల్సు పుస్తకం పట్టుకొచ్చి కాపాడింది. మెడ నుంచి మడమ దాకా, మణికట్టు దాకా ఒకే ముక్కగా కుట్టుకున్నా రూలు ఒప్పుకుంటుందని, తానే కుడతానని చెప్పింది. ఆయన కూతురు వైపు ఒక్కసారి చూశాడు. "అట్లయితె బట్ట నేనే నేస్త. నా బిడ్డ నలుగుట్ల నిలబడేదైతె నా బట్టల్నే నిలబడాలె," అన్నాడు.

మాకెంత సంతోషమైందంటే, ఆ సంతోషంలో ఒక్కరికీ అసలు విషయం తట్టలేదు. నేనేమో ఆ పిల్ల గాల్లో ఉన్న బొమ్మ చూసుకుంటున్నాను. హిందీ టీచర్ కొలతలు లెక్కవేసుకుంటోంది. ఇక ఆయన లోకంలో సాగిన బట్టంటే చెడిపోయిన బట్ట. ఎంత బిగువుగా నేస్తే అంత గొప్ప. కూతురి కోసం కాబట్టి చీర కంటే బిగువుగా నేశాడు.

న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చిచ్చాడు. ముదురు కుంకుమ రంగు, అందులో నువ్వుగింజలంత తెల్లటి ఇక్కత్ చుక్కలు. ఎండలో పెట్టి చూస్తే చుక్కలు కదులుతున్నట్టుండేవి. హిందీ టీచర్ రెండు రోజులు ఎవరితో మాట్లాడకుండా కుట్టింది. ఆ మధ్యాహ్నం పిల్ల దాన్ని వేసుకుని డైనింగ్ హాల్లోకి వచ్చింది. బల్లల దగ్గర గిన్నెలు కడిగే ఆమెతో సహా అందరూ చేస్తున్న పని ఆపేశారు. నేను మళ్ళీ ఎనిమిదేళ్ళదాన్నై చెక్క బల్ల మీద కూర్చున్నాను.

పిల్ల చేతులెత్తి మెల్లగా వెనక్కి వంగింది. నడుము సగం దూరం పోయిందో లేదో, భుజం నుంచి కింది దాకా పర్రుమని చప్పుడు.

దెబ్బేమీ తగల్లేదు. హిందీ టీచర్ పరిగెత్తి దుప్పటి కప్పింది. పిల్ల పరుపు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. సిగ్గుపడి ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికి పోతే, "నాయిన బట్ట చినిగింది మేడం," అంది. ఆ పిల్ల నోట అంత పెద్ద మాట వినడం నాకదే మొదలు.

అల్లిన బట్టలో ఉచ్చులు ఉచ్చులుగా దారం ఉంటుంది, లాగితే జరిగి దారిస్తుంది. నేసిన బట్టలో పడుగు, పేక ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి, వదలవు. బీఈడీ చేసిన టీచరుకు, వ్యాయామ విద్య చదివిన నాకు, మగ్గం మీదే పుట్టిపెరిగిన ఆయనకు ఈ ముక్క తెలియదా? తెలుసు. అది ఆ పిల్ల ఒంటి మీద చిరిగేదాకా ఎవరికీ గుర్తు రాలేదు.

అతుకు వేసి దాచేద్దామంది హిందీ టీచర్. ఆయన కంటికి అతుకు దాగదు. మర్నాడు ఆ చినిగిన బట్ట పట్టుకుని షేరింగ్ ఆటోలో వాళ్ళూరికి నేనే వెళ్ళాను. ఇక ఆటకు దండం పెట్టి పిల్లను తీసుకుపోతాడనే అనుకున్నాను.

ఆయన గుంట మగ్గంలో కూర్చుని ఉన్నాడు. బట్ట అందుకుని చిరుగు పొడుగునా వేలు నడిపించాడు.

"పట్టి గుంజినా చినగదు మేడం నా బట్ట. ఎన్నడు గిట్ల కాలే. బిడ్డ ఏం చేసింది?"

"వెనక్కి వంగింది అన్నా."

"గంతేనా?"

"గంతే."

ఆయన మగ్గంలోంచి లేచాడు. చొక్కా తొడుక్కుంటూ, "పాండ్రి మేడం, జూస్త," అన్నాడు. కూతురు బడిలో ఏం ఆడుతుందో ఆయన అంతవరకు ఒక్కసారి కూడా చూడలేదు.

డైనింగ్ హాల్లో బల్ల మీద కూర్చోబెట్టాం. పిల్ల టీ షర్టు, పైజామాతోనే మొదలుపెట్టింది. ఆయన బట్టనే చూస్తున్నాడు, మనిషిని కాదు. "భుజం కాడ గుంజుతాంది… గిప్పుడు నడుము కాడ మడత పడ్తాంది…" అని తనలో తాను గొణుక్కుంటున్నాడు. ఊరంతా ఏం చూస్తుందోనని భయపడ్డ మనిషికి చినిగే చోటు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. అలా ఎంతసేపో. తర్వాత గొణుగుడు ఆగిపోయింది. పిల్ల పరుగెత్తుకొచ్చి గాల్లోకి లేచినప్పుడు ఆయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

చివర్లో నిలబడింది. చెయ్యి భుజానికి పోయింది. ఆ రోజు మామూలుగా ఒకసారి కాదు, ప్రతి పల్టీకీ పోయింది.

"మంచిగ చేస్తాంది మేడం. గని ఆ చెయ్యెందుకు గట్ల పోతాంది మాటిమాటికి?" అన్నాడు.

"నువ్వున్నవని, అన్నా," అన్నాను. నాకు మెత్తగా చెప్పడం చేతకాదు.

"నేనేమన్న అన్ననా?"

"అననక్కర్లేదు."

ఆయన తన రంగు వేళ్ళను చూసుకుంటూ కూర్చున్నాడు. వెళ్ళేముందు, "ఆ సాగే బట్టతోనే కుట్టిచ్చుండ్రి. కాళ్ళు, చేతులు మాత్రం నిండుగ ఉండాలె. రంగు గిదే ఉండనియ్యి," అని కుంకుమ రంగు బట్ట చూపించాడు. గడప దాటి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "పాలమూరుకు నేను రాను మేడం. నన్ను జూస్తె బిడ్డ చెయ్యి పోతది," అన్నాడు.

మంచివాడు. ఎంత మంచివాడో అప్పుడే తెలిసింది.

ఈ మాట పిల్లకు చెబితే ఒక్కటే అంది. "నాయిన రాకుంటె నేను చెయ్య."

ఇక చూడండి నా అవస్థ. తండ్రి వస్తే చెయ్యి పోతుంది, రాకపోతే పిల్ల ఆడదు. తిట్టాను, బతిమాలాను, భుజం మీద చాక్‌పీసు పెట్టి పడకుండా ఆడమన్నాను. చాక్‌పీసును కూడా సర్దుకుంది. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడుతుంటే, నేను ఎప్పటిలాగే ఎటో చూస్తూ ఉంటే, సర్కస్ అమ్మాయి గుర్తొచ్చింది. కిందికి దిగి, భుజం మీదినుంచి ఏదో తీసి మా మీదికి విసిరిన చెయ్యి.

"పోనీ, సర్దుకో," అన్నాను పిల్లతో. "మంచిగా సర్దుకో. సర్దుకుని, తీసి ఆకాశంలోకి ఎగరెయ్యి. ఆటలో అదీ ఒక భాగమే."

పిల్ల నా ముఖం వంక చూసి, ఫక్కున నవ్వింది. ఏడాదిలో నేను చూసిన మొదటి నవ్వు. ఆ రోజునుంచి భుజం దగ్గరికి పోయిన చెయ్యి అక్కడ ఆగకుండా, లేని చున్నీని అందుకుని, పొడుగ్గా పైకి విసిరేది. చూడటానికి నాట్యంలా ఎంత బాగుండేదో. ఇక జడ్జిలు తప్పు పట్టలేరు. తర్వాతి ఆదివారం తండ్రి ముందు చేసి చూపించింది. చున్నీ ఎగిరిన వైపు ఆయన తలెత్తి చూశాడు. "ఇట్లయితె వస్త," అన్నాడు.

మహబూబ్‌నగర్‌లో పోటీలు పెట్టిన హాలుకు దగ్గర్లోనే ఒకప్పుడు సర్కస్ డేరా ఉండేది. ఇప్పుడక్కడ దుకాణాలు. ఆ ఊళ్ళో దిగిన దగ్గర్నుంచి నేను సగం నిద్రలో ఉన్నదానిలా తిరిగాను. పిల్లకు కుంకుమ రంగు అల్లిక బట్ట, మెడ నుంచి మడమ దాకా. చినిగిన బట్టలోంచి ఒక పేలిక కత్తిరించి జుట్టు ముడికి చుట్టుకుంది, తెల్ల చుక్కలు కనబడేట్టు. తండ్రి చివరి వరసలో స్తంభం పక్కన కూర్చున్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని.

ఆమె వంతు వచ్చింది. పాట మొదలైంది. నాకు ఆ ఆట ముక్క ముక్కగానే గుర్తుంది. చప్పుడు లేని చేతులు, తిరిగే తెల్ల చుక్కలు, ఆ ఖాళీలో ఆగిపోయిన కుంకుమ రంగు. మధ్యలో ఒక చోట కాలు తడబడింది, సర్దుకుంది. చివరి పల్టీ అయింది, నిలబడింది. ఇప్పుడు చెయ్యి భుజానికి పోవాలి.

పోలేదు. రెండు చేతులూ తిన్నగా పైకి లేచాయి. అంతే. పాట ఆగింది, పిల్ల అలాగే నిలబడింది. మేము నేర్పిన ఎగరెయ్యడం లేదు, సర్దుకోవడం లేదు.

నాలుగో స్థానం వచ్చింది. పతకం మూడో స్థానం దాకే. హిందీ టీచర్ జడ్జిలను నోటికొచ్చినట్టు తిట్టింది, అదీ శుద్ధమైన హిందీలో. బయట వరండాలో తండ్రి మా కోసం నిలబడి ఉన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"బట్ట యాడ గుంజలే మేడం," అన్నాడు. "మొత్తం జూసిన. యాడ గుంజలే." కూతురి వైపు తిరిగాడు. "మరి చున్నీ ఎగరెయ్యలేదేంది బిడ్డా? దాని కోసమె ఎదురుజూస్తున్న."

పిల్ల నిజంగా అర్థం కానట్టు చూసింది. "చున్నీనా?" అంది. తర్వాత నాలుక కరుచుకుంది. "అయ్యో! నాకు యాదికే రాలే నాయినా."

ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఏదో గొప్ప మాట చెప్పాలని, టీచర్ని కదా, గొంతు సవరించుకున్నాను.

అంతలో పిల్ల నా వైపు వేలు చూపించి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "మేడం! మీ చెయ్యి, మేడం!"

చూసుకున్నాను. నేను మెడ దాకా జిప్పు వేసిన ట్రాక్ సూట్‌లో ఉన్నాను. నా కుడిచెయ్యి ఎడమ భుజం మీద ఉంది, పిన్ను కోసం వెతుకుతూ.